కాలీకాలని పూత

తావూస్ గాజుముక్కను చూడాలంటే కళ్ళద్దాలు తీసేసేది. యాభై మూడేళ్ళ వయసులో దూరపు చూపు మసకబారింది గానీ దగ్గరి చూపు చెక్కుచెదరలేదు. కొలిమిలోంచి తీసిన ట్రేని ఉత్తరపు కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి, తెల్లటి ఆకాశానికి ఎదురుగా గాజుముక్కను అటూ ఇటూ వంచి చూసి, అప్పుడు గానీ ట్రేని ముందుకు పంపేది కాదు.

సెతీఫ్ ఊరి చివర, గోధుమ చేలు మొదలయ్యే చోట ఉన్న ఆ కార్ఖానాలో ఇళ్ళల్లో గోడకు తగిలించుకునే గ్యాసు అలారాలు చేస్తారు. అలారానికి ప్రాణమంతా గోటికంటే చిన్నదైన పింగాణీ పలకలో ఉంటుంది. ఆ పలక మీద తగరపు ఆక్సైడు పూత. వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. చలికి గదిలో వెలిగించే గ్యాసు హీటరులోంచి విషపు గాలి తగిలితే ఆ పూతలో కరెంటు తేలిగ్గా పారుతుంది, పెట్టిన గీత దాటగానే అలారం మోగుతుంది. పింగాణీ మీద పూత కంటికి సరిగ్గా ఆనదు. అందుకే ప్రతి ట్రేలోనూ పలకలతో పాటు ఒక గాజుముక్క మీద కూడా పూత చల్లి, అన్నిటినీ కలిపే కాల్చేవారు. గాజు మీది పూత బాగా కాలితే నీళ్ళలా తేటగా ఉంటుంది. వంచి చూస్తే తడిరోడ్డు మీద ఒలికిన పెట్రోలులా ఊదా, ఆకుపచ్చ మెరుస్తాయి.

ఈ విద్య ఆమె బడిలో నేర్చుకోలేదు. ఇరవై నాలుగేళ్ళప్పుడు విశ్వవిద్యాలయంలో గదులు తుడిచే పనికి చేరింది. ఫిజిక్సు విభాగంలో అందరూ గౌరవంగా 'సీ' చేర్చి పిలిచే ముసలి ప్రొఫెసరు సీ మెసూద్‌కు చేతులు వణికేవి. ఒకరోజు చిన్న పట్టకారు ఆమె చేతికిచ్చి, ఆ పలకలు ట్రేలో పేర్చమన్నాడు. తర్వాత చీపురు ఇంకెవరి చేతికో వెళ్ళిపోయింది. పంతొమ్మిదేళ్ళు ఆమె ఆ కొలిమి దగ్గరే ఉంది.

"మందు చల్లగానే అది పూత అయిపోదు తావూస్," అనేవాడు సీ మెసూద్. "హడావుడిగా వచ్చి కూలబడ్డ జనం అది. ఎవరి చోటెక్కడో ఎవరికీ తెలీదు. వేడి తగిలితే లేచి సర్దుకుంటారు. మూడొందల యాభై డిగ్రీలకు సగం మందే సర్దుకుంటారు. ఐదొందల దగ్గర మూడు గంటలుంచు, అందరూ కుదురుకుంటారు. అదే ఏడొందలకు పోయావనుకో, పక్కపక్కవాళ్ళు కలిసిపోయి లావెక్కుతారు. లావెక్కినవాళ్ళకి వినబడదు."

"మా ఆడపడుచులాగా," అంది తావూస్. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

తర్వాత ఒక జనవరిలో ఆమె అక్క దహబియా, బావ, వాళ్ళ ఇద్దరాడపిల్లలు గదిలో హీటరు వేసుకుని పడుకుని మళ్ళీ లేవలేదు. తలుపు పగలగొట్టినవాళ్ళలో తావూస్ మొగుడు లార్బీ ఒకడు. పిల్లల బుగ్గలు ఎర్రగా, ఆడుకుని వచ్చినట్టు ఉన్నాయని ఒక్కసారి చెప్పాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. సీ మెసూద్ శిష్యుడు నజీబ్ అలారాల కార్ఖానా పెడుతున్నానని వచ్చి అడిగినప్పుడు, జీతం ఎంతో కూడా అడక్కుండా ఆమె అతని వెంట వెళ్ళిపోయింది.

పదేళ్ళు పని సజావుగా సాగింది. ఆ ఏడు ఆగస్టులో మాత్రం ఒక చిన్న గొడవ జరిగింది. గాజుముక్కలో ఏదో మరక కనిపించి తావూస్ రెండు ట్రేలు ఆపేసింది. తీరా చూస్తే గాజే సరిగ్గా కడగలేదు. నజీబ్ ఎప్పటిలా గౌరవంగా 'లల్లా' అంటూనే అందరి ముందూ మాట తూలాడు.

"లల్లా తావూస్, నువ్వు కళ్ళతో చూస్తావు, నేను మీటరుతో చూస్తాను. నీ కళ్ళ కోసం కార్ఖానా ఆపుకుంటూ కూర్చోలేను."

ఆమె ఆ రెండు ట్రేలూ ముందుకు పంపేసింది. ఆ రోజు కాఫీ కూడా తాగలేదు.

సెప్టెంబరులో కొలిమిలో వేడిని కొలిచే తీగ తెగింది. అసలు రకం దొరకడానికి నెల పడుతుందన్నారు. శీతాకాలం ముందు సరుకు అందించాలి. నజీబ్ రాజధాని అల్జీర్స్‌లో ఎవరినో పట్టుకుని ఒక తీగ తెప్పించి బిగించాడు. మీటరు ఎప్పటిలాగే ఐదొందలు చూపించింది.

ఆ తర్వాత కొద్ది వారాలకు, అక్టోబరు మొదట్లో, కిటికీ దగ్గర గాజుముక్క వంచి చూస్తే తావూస్‌కు పూతలో లేత గోధుమ ఛాయ కనబడింది. పలచటి టీ లాంటి రంగు. ముందు ట్రేల గాజుముక్కలు వెతికి తీసి చూసింది. వాటిలోనూ ఉంది, అలవాటైన కంటికి తప్ప ఆనదు. చల్లే మందు మారిందేమో అనుకుంది. మబ్బు పట్టిన వెలుతురేమో అనుకుంది. ఆగస్టు నాటి మాట ఇంకా చెవుల్లో ఉంది. ట్రేని ముందుకు పంపేసింది. మర్నాడూ పంపింది. అలా తొమ్మిది రోజులు పంపింది.

తొమ్మిదో రోజున ఇంట్లో రొట్టె కాలుస్తూ పెనం మీది కస్రాను తిప్పి, అంచు తుంచి, పైన మచ్చలు పడి లోపల పచ్చిగా ఉండటం చూసి, పొయ్యి ఆపేసి అలాగే నిలబడిపోయింది.

"ఏమయింది?" అన్నాడు లార్బీ.

"నీ పాత టార్చిలైటు బ్యాటరీలు ఉన్నాయా?"

"రొట్టెలో వేస్తావా?"

"పైతొడుగు కావాలి. అది జింకు."

మర్నాడు గురువారం. మధ్యాహ్నం అందరూ వెళ్ళే వేళకు తావూస్ చిన్న పింగాణీ గిన్నెలో జింకు ముక్క, ఇంకో గిన్నెలో సీసం ముక్క పెట్టి కొలిమిలోకి తోసింది. సీసం మూడొందల ఇరవై ఏడుకు కరుగుతుంది, జింకు నాలుగొందల ఇరవైకి. వీటితో కొలిమి వేడిని సరిచూడటం సీ మెసూద్ నేర్పిందే. పరీక్ష బల్ల దగ్గర పనిచేస్తూ, తావూస్‌ను పిన్నీ అన్నట్టు 'ఖాల్తీ' అని పిలిచే ఫాయిజా సంచి భుజాన వేసుకుని వచ్చి తొంగిచూసింది.

"ఏం వండుతున్నావు ఖాల్తీ? వాసనేమీ రావట్లేదు."

"కూర్చో. ఒక గంటలో వడ్డిస్తా."

మీటరు ఐదొందలు చూపించాక గంటసేపు ఆగి తలుపు తీశారు. సీసం గిన్నె అడుగున అద్దంలా కరిగి ఉంది. జింకు ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. అంచులు కూడా మెత్తబడలేదు. తావూస్ పొడవాటి పట్టకారుతో దాన్ని పొడిచింది. ఖంగుమని చప్పుడయింది.

"కరగాలా అది?" అంది ఫాయిజా.

"ఎప్పుడో కరగాలి."

"అయితే ఐదొందలు అబద్ధమా?"

తావూస్ పట్టకారు పక్కన పెట్టింది. వేలి కణుపుల మీద వారాలు లెక్కపెడుతోంది.

శుక్ర, శని సెలవులు గడిచాక ఆదివారం పొద్దున నజీబ్ స్వయంగా పెట్టి చూశాడు. జింకు కరగలేదు. అతను చెడ్డవాడు కాదు, ముఖం పాలిపోయింది. తీగ విప్పి చూస్తే అది వేరే రకం. మీటరు దాని భాషను తప్పుగా చదువుతోంది. ఐదొందలని చూపినప్పుడు లోపల ఉన్నది మూడొందల ఎనభైకి కొంచెం అటూ ఇటూ. ఆ పూటే ఎవరి దగ్గరో బతిమాలి సరైన తీగ తెప్పించి బిగించాడు. సాయంత్రానికల్లా గాజుముక్క తేటగా వచ్చింది.

"చాలా మంచి పని చేశావు లల్లా," అన్నాడు. "ఆగస్టులో అన్న మాట మనసులో పెట్టుకోకు."

"ఇంతకు ముందు పోయినవి ఎన్ని?"

"నాలుగొందల పన్నెండు. కానీ అన్నీ బల్ల మీద మోగాయి. మోగనిది ఒక్కటీ బయటికి పోలేదు. ఫాయిజానే అడుగు."

"ఇప్పుడు మోగుతాయి సీ నజీబ్. సగం కాలిన పూత అది. అలారంలో దాని వెనకాలే చిన్న హీటరుంది, రాత్రీ పగలూ వేడి చేస్తూనే ఉంటుంది. అక్కడ కూర్చుని ఆ పూత ఇంకా మారుతూనే ఉంటుంది. రేపెలా ఉంటుందో నాకు తెలీదు."

"తెలీనప్పుడు భయపెట్టకు," అన్నాడు నజీబ్.

ఆ సరుకులో ఎనిమిది అలారాలు ఇంకా గిడ్డంగిలో ఉన్నాయి. తావూస్ వాటిని తెచ్చి తన బల్ల పైన అరలో వరసగా పెట్టి కరెంటిచ్చింది. ఎనిమిదింటికీ పచ్చదీపాలు వెలిగాయి. ప్రతి ఆదివారం పొద్దున ఆమె, ఫాయిజా ఒక్కోదాన్ని గాజుపెట్టెలో పెట్టి కొలిచిన గ్యాసు వదిలేవారు.

మొదటి ఆదివారం ఎనిమిదీ మోగాయి. రెండో ఆదివారమూ మోగాయి. మూడో ఆదివారం ఒకటి ఆలస్యంగా మోగింది. ఫాయిజా గడియారం చూసి నాలుగు నిమిషాలంది. పూతలో కరెంటుకు అడ్డు వారం వారం పెరుగుతోంది. ఎంత గ్యాసు తగిలినా అలారం మోగాల్సిన గీత దాకా రాలేకపోతోంది. ఐదో ఆదివారం రెండు మోగనే లేదు. పెట్టెలో ఒక మనిషిని పడగొట్టేంత గ్యాసు నిండింది, దీపం మాత్రం పచ్చగా, ప్రశాంతంగా వెలుగుతూనే ఉంది. ఫాయిజా పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు దానివంకే చూసింది.

"ఖాల్తీ, ఇది ఆరిపోయినా బాగుండేది," అంది.

డిసెంబరు మధ్యకు ఎనిమిదిలో ఐదు మూగపోయాయి. తావూస్ ఆదివారాల లెక్క రాసిన కాగితం తీసుకుని నజీబ్ గదిలోకి వెళ్ళింది. అతను చదివి, కాగితం బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"ఏం చెయ్యమంటావు? రేడియోలో చెప్పమంటావా?"

"చెప్పాలి."

"చెబితే ఏమవుతుందో ఆలోచించావా? ఏది మంచిదో ఏది కాదో జనం చూడరు. అన్నీ పీకి చెత్తలో పారేస్తారు. పదేళ్ళుగా పెట్టినవి వేలున్నాయి, అవన్నీ బాగా పనిచేస్తున్నాయి. వాటినీ పారేస్తారు. అప్పుడు చచ్చేవాళ్ళ ఉసురెవరికి?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే ఆమె తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఒక్క వారం ఆగు," అన్నాడు నజీబ్ గొంతు తగ్గించి. "దుకాణాలవాళ్ళకి ఒక్కొక్కరికే ఫోను చేస్తాను. నంబర్లు చెప్పి చప్పుడు లేకుండా వెనక్కి తెప్పిస్తాను. నీ మీద ఒట్టు లల్లా."

ఆమె ఒక వారం ఆగింది.

ఆ మంగళవారం మంచు పడింది. బాబోర్ కొండలు తెల్లబడ్డాయి, పల్లెల దారులు మూసుకుపోయాయి. ఊరంతా హీటర్లు వెలిగాయి, కిటికీ అద్దాలకు చెమట పట్టింది. తావూస్ ట్రాములో ఇంటికి వస్తూ వెలుగుతున్న కిటికీలను లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదటికి వచ్చింది.

శనివారం పొద్దున లార్బీకి ఫోను వచ్చింది. చిన్నప్పుడు అతనికి అక్షరాలు దిద్దించిన సీ తయ్యబ్ మాస్టారు పోయాడు. భార్య లల్లా యమీనా కూతురి కాన్పుకు వెళ్ళింది. హీటరు పొగగొట్టంలో పిట్టగూడు అడ్డం పడిందట. పాలుపోసేవాడు తలుపు తట్టి తట్టి పొరుగువాళ్ళను పిలిచాడట.

లార్బీ ఫోను పెట్టేసి ఉన్ని కోటు, కషాబియా, తొడుక్కుంటున్నాడు. తావూస్ గోడకు ఆనుకుని నిలబడింది.

"వాళ్ళింట్లో అలారం ఉందా?" అంది.

లార్బీ చెయ్యి కోటు చేతిలో సగం దూరి ఆగిపోయింది. "నేనే కొని ఇచ్చాను," అన్నాడు. "అక్టోబరులో. మీవాళ్ళ సరుకే."

పరామర్శకు వచ్చిన మగవాళ్ళు పొరుగింట్లో కూర్చున్నారు. ఆడవాళ్ళు మాస్టారి ఇంట్లో, చాపల మీద గోడల వెంట కూర్చున్నారు. ఎవరో పళ్ళెం నిండా కుస్‌కుస్ తెచ్చి పెట్టారు, ఎవరూ ముట్టుకోలేదు. హీటరు తీసేసిన చోట గోడ నల్లగా ఉంది. దాని పైన, మనిషి తల ఎత్తున, అలారం ఉంది. పచ్చగా వెలుగుతోంది.

లల్లా యమీనా ఏడవడం లేదు. వచ్చినవాళ్ళందరికీ ఒకే సంగతి చెబుతోంది.

"నలభై ఏళ్ళుగా చలికాలంలో ఆ కిటికీ వేలెడు తెరిచి ఉంచేవాడు. నేను వణికి చస్తున్నా మూయనిచ్చేవాడు కాదు. ఈ ఏడాదే మూశాడు. ఇప్పుడు మనకు కాపలా ఉంది కదే, వెచ్చగా పడుకో అన్నాడు."

తావూస్ లేచి వెళ్ళి అలారాన్ని గోడ మీంచి ఊడదీసింది. గదిలో మాటలు ఆగిపోయాయి. వెనక నంబరు చదవడానికి కళ్ళద్దాలు తీసింది. చదివి, మళ్ళీ వచ్చి యమీనా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"లల్లా, దీని లోపలి పలకను కాల్చింది నేనే. అది సరిగ్గా కాలలేదు."

యమీనా ఆమె ముఖంలోకి చూసింది. "తెలిసే కాల్చావా?"

"కొలిమి తప్పని తెలీదు. రంగు తేడాగా ఉందని తెలుసు. తెలిసీ తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. తర్వాత ఇంకో వారం ఆగమంటే ఆగాను. ఆ వారంలోనే మాస్టారు..."

పక్కనున్న ఒకామె "దేవుడి రాత తల్లీ, ఇప్పుడెందుకీ మాటలు" అంది. యమీనా చెయ్యెత్తి ఆమెను ఆపింది.

"ఇలాంటివి ఇంకెన్నున్నాయి?"

"నాలుగొందల పైన."

"ఇళ్ళల్లోనా?"

"ఇళ్ళల్లోనే."

"మరి ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు?" అంది యమీనా. గొంతు పెంచలేదు. ఆ మాట అని, మొహం గోడవైపు తిప్పుకుంది.

తావూస్ అలారం చేతపట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మంచులోకి వచ్చి, పొరుగింటి గుమ్మంలోంచి లార్బీని పిలిచింది. ఇద్దరూ కారులో నేరుగా అగ్నిమాపకవాళ్ళ దగ్గరికి పోయారు. అక్కడి అధికారి ముందు నమ్మలేదు. పొగగొట్టంలో పిట్టగూడు తన చేత్తోనే తీశానన్నాడు.

"గూడు నిజమే నాయనా," అంది తావూస్. "గూడు ఉన్నప్పుడు మోగడానికేగా ఇది ఉన్నది."

అధికారి అలారాన్ని తన పరీక్ష పెట్టెలో పెట్టి గ్యాసు వదిలాడు. చుట్టూ నలుగురు చేరారు. పది నిమిషాలు చూశారు. అతను కుళాయి కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, "నంబర్లు చెప్పండి," అన్నాడు.

ఆ సాయంత్రమే రేడియోలో నంబర్లు చదివారు. శుక్రవారం మసీదుల్లోనూ చదివారు. నజీబ్ ఫోను చేశాడు.

"నాతో ఒక్క మాట చెప్పి వెళ్ళాల్సింది లల్లా."

"చెప్పాను సీ నజీబ్. రెండుసార్లు."

"దుకాణాల్లో సగానికి ఫోను చేశాను," అన్నాడతను. "మాస్టారి అలారం అమ్మిన దుకాణం మిగతా సగంలో ఉంది."

కార్ఖానాకు సీలు వేశారు. తావూస్, లార్బీ దుకాణాల జాబితా పట్టుకుని జనవరంతా ఊళ్ళు తిరిగారు. కొన్ని ఇళ్ళలో అలారం చేతికిచ్చి కాఫీ పోశారు. కొన్ని ఇళ్ళలో తిట్టారు. ఒక ఇంట్లో చిన్న పిల్లలు దానికి గౌను తొడిగి బొమ్మలా ఆడుకుంటున్నారు. కొండదారిలో ఒక పల్లెలో మాత్రం ఒక నడివయసు మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక గదిలో హీటరు బుసకొడుతోంది. వెచ్చటి గాలి తావూస్ మొహానికి తగిలింది.

"బాగానే పనిచేస్తోందమ్మా. చూడు, దీపం వెలుగుతోంది."

"దీపానికీ దానికీ సంబంధం లేదు నాయనా. అది చెవిటిది."

"మావాడు రేడియోలో విన్నాడు. ఇవి లాక్కుని కొత్తవి అమ్ముతారంట. ఇది నా డబ్బుతో కొన్నాను, ఇవ్వను."

"ఇవ్వకపోతే పోనీ. ఆ కిటికీ ఒక వేలెడు తెరువు. నా కోసం తెరువు."

"లోపల పసిబిడ్డ ఉంది. చలికి చంపమంటావా?" అని తలుపు వేసేశాడు.

తావూస్ అక్కడి నుంచి కదలలేదు. లార్బీ కొండ దిగి వెళ్ళి అగ్నిమాపకవాళ్ళను తీసుకొచ్చేదాకా, రెండు గంటలకు పైగా, ఆ ఇంటి గోడ పక్కన నిలబడి లోపలి బిడ్డ ఏడుపు వింటూ ఉంది. ఏడుపు ఆగినప్పుడల్లా తలుపు బాదింది. లోపలివాళ్ళు శాపాలు పెట్టారు. అధికారి వచ్చి గోడ మీంచి దాన్ని ఊడదీస్తున్నప్పుడు ఆ మనిషి ఆమె వైపు చూడనైనా చూడలేదు.

మార్చి చివరికి మూడొందల నలభై తొమ్మిది వెనక్కి వచ్చాయి. కేసు కోర్టుకెక్కింది. తావూస్ సాక్షిగా నిలబడి జింకు ముక్క సంగతి, ఎనిమిది అలారాల సంగతి చెప్పింది. ఎవరూ అడక్కపోయినా తన తొమ్మిది రోజుల సంగతీ చెప్పింది. రాసుకునేవాడు మళ్ళీ నిదానంగా చెప్పమంటే మళ్ళీ చెప్పింది. నజీబ్ తల దించుకుని విన్నాడు. అతనికి శిక్ష పడింది. ఆమెను మందలించి వదిలేశారు. యమీనా కోర్టుకు వచ్చిన రోజున తావూస్ పక్కనే ఖాళీ ఉంటే అక్కడే కూర్చుంది.

మిగిలిన అరవై మూడు ఎక్కడున్నాయో తెలియలేదు. కొన్ని ఆదివారపు సంతలో చేతులు మారాయని, కొన్ని పెళ్ళికానుకలుగా వేరే ఊళ్ళకు పోయాయని వినికిడి. ఆ ఏడాది నవంబరులో బాత్నా దగ్గర నుంచి ఒక అగ్నిమాపక అధికారి ఫోను చేశాడు. ఒక ఇంట్లో ఆ నంబరుది దొరికిందన్నాడు. తావూస్ గోడకు అంటించిన నంబర్ల కాగితం దగ్గరికి నడిచింది.

"ఇంట్లోవాళ్ళు బాగున్నారమ్మా," అన్నాడతను. "ఇంకా హీటరు వెలిగించలేదు. రేపు వెలిగిద్దామనుకున్నారంట."

ఆమె ఫోను పెట్టేసి గోడ మీది కాగితంలో ఒక నంబరు కొట్టేసింది. ఇంకా అరవై రెండు ఉన్నాయి. బయట గాలి మారి ఉత్తరం నుంచి వీస్తోంది. లార్బీ కారు అద్దం మీద పేరుకున్న మంచుపొరను గోకుతున్నాడు.